పాత ఫియట్‌లో షోలవరం మీదుగా చెన్నై రేసులకు వెళ్లేవారికి

మా నాన్నగారు 1967లో కొన్న ఫియట్ 1100 డిలైట్‌లో నేను ఇప్పటికి మూడుసార్లు సికింద్రాబాద్ నుంచి చెన్నై పక్కనున్న ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కు బయలుదేరాను. మొదటిసారి చౌటుప్పల్ దగ్గరే కారు ఆగిపోయింది. లారీ మీదికి ఎక్కించి ఇంటికి తెచ్చుకున్నాను. రెండోసారి చేరుకున్నాను గానీ, నెల్లూరు దగ్గర బ్రేకు పెడల్ నేలను తాకిన క్షణం ఇప్పటికీ నిద్రలో గుర్తుకొస్తుంది. మూడోసారి వెళ్లి, శని, ఆదివారాలు రేసులు చూసి, తిరిగి మారేడుపల్లిలో మా గేటు ముందు ఆపేవరకు మరమ్మతు కోసం పానా పట్టుకోవలసిన అవసరం రాలేదు.

ఈ మూడు ప్రయాణాల మధ్య ఇంజను మారలేదు. అదే 1089 సీసీ, అదే సోలెక్స్ కార్బురేటర్, స్టీరింగ్ పక్కన అదే గేరు కడ్డీ. ముప్పై ఏళ్లకు పైగా జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం బోధించిన నాకు ఒక సంగతి మాత్రం రోడ్డు మీదే బోధపడింది. పాత కారులో దూరప్రయాణమంటే మొదటి నుంచి చివరి వరకు వేడితో వ్యవహారం. ఇంజను వేడి, పెట్రోలు వేడి, బ్రేకుల వేడి, లోపల కూర్చున్న మనుషుల వేడి. గడియారం చూసి కాకుండా ఈ నాలుగింటినీ చూసి రోజును విభజించుకుంటే ఆ కారు మిమ్మల్ని తప్పకుండా చేరుస్తుంది. అదెలాగో నా అనుభవంలో తేలినంత వరకు రాస్తున్నాను. మీది అంబాసిడర్ అయినా, హెరాల్డ్ అయినా, పద్మిని అయినా చాలా భాగం వర్తిస్తుంది.

ఈ దారే ఎందుకంటే

రేసులు చూడాలంటే విమానంలోనో రైల్లోనో వెళ్లి చూడవచ్చు. పాత కారులో వెళ్లడానికి నాకున్న కారణం షోలవరం. చెన్నైకి ఉత్తరాన, రెడ్‌హిల్స్‌కు ముందు, జాతీయ రహదారి పక్కనే ఆ ఊరు ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఒకటి అక్కడ మిగిలిపోయింది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఆ రన్‌వే మీదే దశాబ్దాల పాటు రేసులు నడిపింది. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో శాశ్వత ట్రాక్ వచ్చాక ఆ శకం ముగిసింది.

నాన్నగారు టెలిఫోన్స్ శాఖలో ఇంజనీరు. డెబ్బైల తొలినాళ్లలో సెలవు పెట్టి, ఇద్దరు సహోద్యోగులను ఎక్కించుకుని, ఇదే కారులో షోలవరం వెళ్లారు. అప్పట్లో విజయవాడ మీదుగా, ప్రకాశం బ్యారేజీ దాటి వెళ్లారట. రన్‌వే మీద హద్దులుగా తారు డ్రమ్ములు, గడ్డి మోపులు పెట్టేవారని చెప్పేవారు. అక్కడ పరుగెత్తిన వాటిలో ఫియట్లూ ఉన్నాయి. "మనం ఎక్కి వచ్చిన బండే అక్కడ దూసుకుపోతుంటే, పార్కింగులో ఉన్న మన కారును చూసి గర్వపడ్డామమ్మా" అన్న మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో. విదేశీ రేసు కార్లు కూడా చూశారు. కానీ కథ చెప్పేటప్పుడు ముందు ఫియట్లే వచ్చేవి.

నాతో వచ్చేది మా మేనకోడలు. తను మొదట రేసు చూసింది మన ఊళ్లోనే, 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ పోటీలో. విద్యుత్ కార్లు ఈల వేసినట్టు సన్నగా కూస్తూ పోయాయి. "అత్తా, తాతయ్య చెప్పిన చప్పుడు ఇది కాదు కదా" అంది ఆ సాయంత్రం. అప్పుడే ఈ ప్రయాణం నిశ్చయమైంది.

ఎప్పుడు వెళ్లాలి

రేసుల తేదీలు ఏటా మారతాయి, కొన్ని పోటీలు ఎండాకాలంలోనో దాని అంచునో పడతాయి. వాటికి రైల్లో వెళ్లండి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు నెల్లూరు, చెన్నై తీరానికి ఈశాన్య రుతుపవనాల వానలు. పాత కారు వైపర్లకు, స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూతకు ఆ వానలు సరిపడవు. జనవరి, ఫిబ్రవరి మాసాల్లో పోటీ ఉంటే అదే మంచి సమయం. సంక్రాంతికి ముందు మూడు రోజులు, తర్వాత మూడు రోజులు మాత్రం విజయవాడ రోడ్డు ఎక్కవద్దు. నా మొదటి ప్రయాణం అక్కడే చెడింది. పండుగకు ఊళ్లకు వెళ్లే కార్ల వెనుక టోల్ వరుసలో నలభై నిమిషాలు ఇంజను ఆపకుండా నిలబడ్డాను. గాలి కదలక పెట్రోలు పంపు కాలిపోయేంత వేడెక్కింది, లోపలి పెట్రోలు ఆవిరైపోయింది. పంపు ద్రవాన్ని తోడగలదు, ఆవిరిని తోడలేదు. ఆ సంగతి అప్పుడు తట్టక, బ్యాటరీ అయిపోయేవరకు సెల్ఫ్ కొట్టాను.

"పంపు మీద తడిగుడ్డ కప్పి పావుగంట కూర్చుని ఉంటే మీరు చెన్నై వెళ్లిపోయేవారమ్మా" అన్నారు మా మెకానిక్ భాయి, తర్వాత కారు చూసి.

కాగితాలు

పాత కారుకు రిజిస్ట్రేషన్ గడువు దాటలేదని ముందు చూసుకోండి. సొంత కారుకు మొదటి 15 ఏళ్ల తర్వాత ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. బీమా, కాలుష్య ధ్రువపత్రం చేతిలో ఉండాలి. 50 ఏళ్లు దాటిన కార్లకు 2021లో కేంద్రం విడిగా వింటేజ్ రిజిస్ట్రేషన్ పెట్టింది. కొత్తగా తీసుకునే రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. అయితే ఆ పద్ధతిలో నమోదైన కారును రోజువారీ అవసరాలకు తిప్పకూడదు. ప్రదర్శనలు, పాత కార్ల ర్యాలీలు, మరమ్మతు, పెట్రోలు వంటి వాటికే అనుమతి. నా కారు పాత మామూలు రిజిస్ట్రేషన్‌తోనే నడుస్తోంది, అలాగే ఉంచుకున్నాను. మీది వింటేజ్ కింద నమోదై ఉంటే, పొరుగు రాష్ట్రానికి బయలుదేరే ముందు రవాణా కార్యాలయంలో ఒకసారి అడగండి. ఫాస్టాగ్ అతికించడం మరచిపోవద్దు. టోల్ దగ్గర ఆగే ప్రతి నిమిషమూ వేడే.

నెల రోజుల ముందు నుంచి

రేడియేటర్‌తో మొదలుపెట్టండి. చూడటానికి బాగుంటే సరిపోదు. మా కారు రేడియేటర్ పైకి నిగనిగలాడుతుండేది, లోపల సగం గొట్టాలు సున్నం పేరుకుని మూసుకుపోయి ఉన్నాయి. దాన్ని విప్పించి, పై ట్యాంకు ఊడదీయించి, సన్నని కడ్డీలతో గొట్టాలన్నీ తోమించి మళ్లీ టంకం వేయించాలి. ఒక రోజు పని. ఈ కార్లలో సిలిండర్ హెడ్ అల్యూమినియంతో చేసినది. ఒక్కసారి బాగా మరిగితే వంగిపోతుంది, హెడ్ గాస్కెట్ పోతుంది, ప్రయాణం అక్కడితో సరి. రేడియేటర్ మూత రబ్బరు ఎండిపోయి ఉంటే మార్చండి. మూత బిగువు పట్టకపోతే నీళ్లు తొందరగా మరుగుతాయి. కింది గొట్టం, పై గొట్టం, క్లిప్పులు, ఫ్యాన్ బెల్టు అన్నీ కొత్తవి వేయించి, తీసిన పాత బెల్టును పారేయకుండా డిక్కీలో పడేయండి. నేను ఉష్ణోగ్రత మీటరు ఒకటి విడిగా పెట్టించాను. ఎర్ర దీపం వెలిగాక తెలుసుకోవడం కన్నా, ముల్లు 85 నుంచి 95 డిగ్రీలకు పాకుతున్నప్పుడే తెలియడం మేలు.

తర్వాత పెట్రోలు. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే చాలామంది పాత కార్ల యజమానులు ఇక్కడే తెలియక నష్టపోతున్నారు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. మన కార్లు తయారైన రోజుల్లో ఆ ఊహే లేదు. ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. పంపు లోపల పెట్రోలును తోడే రబ్బరు పొర (డయాఫ్రమ్), గొట్టాలు, కార్బురేటర్ వాషర్లు ఒక్కొక్కటే పాడవుతాయి. మెత్తబడిన గొట్టం నుంచి పెట్రోలు వేడి ఇంజను మీద కారితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. అందుకని ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా ఇథనాల్‌ను తట్టుకునే రకం గొట్టాలు వేయించండి. పంపుకు కొత్త డయాఫ్రమ్ వేయించి, ఇంకొకటి వెంట ఉంచుకోండి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి కారు నెలల తరబడి ఆగి ఉంటే ట్యాంకు అడుగున నీరు, తుప్పు చేరతాయి. ట్యాంకు దింపి కడిగించి, పంపుకు ముందు పారదర్శకమైన ఫిల్టర్ ఒకటి పెట్టిస్తే మురికి కంటికి కనిపిస్తుంది. ఇంకొక మాట. ఇథనాల్‌లో ప్రాణవాయువు కలిసే ఉంటుంది కనుక కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్నని రంధ్రం, అంటే జెట్టు, అదే ఉంటే ఇంజనుకు అందే పెట్రోలు, గాలి మిశ్రమం పలచబడుతుంది. పలచని మిశ్రమం ఇంజనును ఇంకా వేడెక్కిస్తుంది. భాయి మెయిన్ జెట్ ఒక సైజు పెంచి, స్పార్క్ ప్లగ్గుల మొన రంగు చూసి సరిచేశారు. తెల్లగా ఉంటే పలచన, నల్లగా ఉంటే చిక్కన, లేత ఇటుక రంగు వస్తే సరైనది. బయలుదేరే ముందు వారం ఘట్‌కేసర్ దాకా వెళ్లివచ్చి ప్లగ్గులు విప్పి చూసుకున్నాం.

బ్రేకుల సంగతికొస్తే, అరవైల నాటి ఈ కార్లలో నాలుగు చక్రాలకూ ఒకే ద్రవ మార్గం. ఒక్క చక్రంలో కారినా నాలుగు బ్రేకులూ పోతాయి. నాకు నెల్లూరు దగ్గర జరిగింది అదే. వెనుక ఎడమ చక్రం సిలిండర్‌లోని రబ్బరు వాషరు చిరిగింది. నెల క్రితమే ద్రవం మట్టం తగ్గిందని గమనించి పైనుంచి పోశాను. అది ఎక్కడికి పోతోందని అడగలేదు. హ్యాండ్ బ్రేకు లాగి, గేరు తగ్గిస్తూ మట్టి బాటలోకి దిగాను. వెనుక లారీ లేదు, బతికిపోయాం. ఆ తర్వాత నాలుగు చక్రాల సిలిండర్లు, మాస్టర్ సిలిండర్ రబ్బర్లు మొత్తం మార్పించాను. బ్రేకు ద్రవం కూడా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 రకం బ్రేకు ద్రవం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక 140కే మరగవచ్చు. అప్పుడు గొట్టంలో ఆవిరి బుడగలు చేరి పెడల్ మెత్తగా దిగబడుతుంది. డబ్బా ధర కొద్దిపాటిదే, ఏడాదికోసారి మార్చేయండి. మట్టం ఎంత కొద్దిగా తగ్గినా చక్రాలు విప్పి చూడనిదే బయలుదేరవద్దు. ఈ ఒక్క మాటను దయచేసి తేలికగా తీసుకోవద్దు.

మిగిలినవి చిన్న పనులు. ముందు చక్రాల కింగ్‌పిన్లకు గ్రీజు కొట్టించడం, ప్లగ్గులకు నిప్పురవ్వ అందించే పాయింట్లు, కండెన్సర్ మార్చడం, బ్యాటరీకి కటాఫ్ స్విచ్ పెట్టించడం, ముందు సీట్లకు బెల్టులు బిగించడం. టైరు పక్కన నాలుగు అంకెల ముద్ర చూడండి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. పూలు, అంటే నేలను పట్టే గాడులు, అరగకపోయినా ఆరేళ్లు దాటిన టైరును నేను హైవే మీదికి తీసుకెళ్లను.

విడిభాగాల కోసం నేను తిరిగేది కోఠి దగ్గర పుత్లీబౌలి, సికింద్రాబాద్‌లో రాణీగంజ్. పుత్లీబౌలి కొట్లలో పాత నమూనా భాగాన్ని చేతిలో పట్టుకుని వెళ్లాలి, పేరు చెబితే చాలదు. పాత భాగాన్ని కౌంటరు మీద పెట్టగానే పెద్దాయన ఒకరు కళ్లద్దాలు పైకి జరిపి, అటక మీదున్న డబ్బా కోసం పిల్లవాడిని పంపడం నాకు ఎంతో ఇష్టమైన దృశ్యం.

డిక్కీలో

ప్రమాణం ఒక్కటే. రోడ్డు పక్క నేను స్వయంగా మార్చగలిగినదే తీసుకెళతాను. ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ గొట్టాలు, పాయింట్లు, కండెన్సర్, రోటర్, రెండు ప్లగ్గులు, డయాఫ్రమ్, ఫ్యూజులు, ఇన్సులేషన్ టేపు, కట్టుతీగ, రెండు ట్యూబులు. పది లీటర్ల నీళ్లు, రెండు లీటర్ల ఇంజను ఆయిలు, చిన్న సీసాలో బ్రేకు ద్రవం. పొడి రకం అగ్నిమాపక సిలిండర్ డిక్కీలో కాదు, డ్రైవరు సీటు పక్కన బిగించాలి. అన్నిటికన్నా పైన, చేతికి అందేలా, రెండు పాత నూలు తువ్వాళ్లు.

దారి

దూరం దాదాపు 630 కిలోమీటర్లు. కొత్త కారు ఒక్క పగలులో చేరుతుంది. మనం రెండు పగళ్లు తీసుకోవాలి, రాత్రి నడపకూడదు. బ్యాటరీని ఛార్జ్ చేసే పాత డైనమో ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు దాదాపు ఏమీ ఇవ్వదు. దీపాలు వేసుకుని పట్టణాల గుండా పోతే బ్యాటరీ కరిగిపోతుంది. పైగా ఆ దీపాల వెలుతురు ఇప్పటి వేగాలకు చాలదు. వేగం 60 నుంచి 65. ఎడమ వరుసలో లారీల వేగమే మన వేగం. కానీ లారీని అంటుకుని పోవద్దు. దాని వెనుక గాలి వేడిగా, దుమ్ముగా ఉంటుంది, మన డ్రమ్ బ్రేకులకు ఆగడానికి చోటు కావాలి. ప్రతి 80 కిలోమీటర్లకు నీడ చూసి ఇరవై నిమిషాలు ఆపండి. ఆపగానే బానెట్ ఎత్తండి. ఇంజను ఆగిన తర్వాత ఐదారు నిమిషాలు పంపు ఇంకా వేడెక్కుతుంది, ఎందుకంటే ఫ్యాను గాలీ, నీటి ప్రవాహమూ రెండూ ఆగిపోతాయి. తడి తువ్వాలు పంపు మీద అప్పుడు కప్పాలి. రేడియేటర్ మూతను మాత్రం చల్లారేవరకు ముట్టుకోవద్దు. ఆగిన ప్రతిచోటా చక్రాల డ్రమ్ముల దగ్గర అరచేయి పెట్టి చూడండి. ఒకటి మిగతా మూడింటి కన్నా వేడిగా ఉంటే ఆ బ్రేకు పట్టుకుని ఉందన్నమాట.

మూడోసారి మేము గురువారం ఉదయం ఆరింటికి, చీకటి విడుతుండగా బయలుదేరాం. విజయవాడ రోడ్డు మీద నార్కెట్‌పల్లి దాకా వెళ్లి, కుడివైపు అద్దంకి దారి పట్టాలి. విజయవాడ చుట్టూ తిరగకుండా నల్గొండ, మిర్యాలగూడ మీదుగా కోస్తా రహదారిని అందుకునే దారి ఇది. జనవరి తెల్లవారుజామున మిర్యాలగూడ వరి పొలాల మీద మంచు పట్టి ఉంటుంది. ఇంజనుకు అంతకన్నా హాయి లేదు, మీటరు ముల్లు 80 దగ్గరే నిలిచిపోయింది. వాడపల్లి దగ్గర కృష్ణా వంతెనకు ముందు ఆగాం. మన హైదరాబాద్ నడిబొడ్డున పారే మూసీ వచ్చి కృష్ణలో కలిసేది ఇక్కడే. మా మేనకోడలు ఇడ్లీ పొట్లం చేతిలో పట్టుకుని చాలాసేపు అటే చూసింది. "నయాపూల్ కింద నీళ్లేనా అత్తా ఇవి?" అని అడిగింది. అవునన్నాను.

నది దాటగానే ఆంధ్రప్రదేశ్. అక్కడి నుంచి దాచేపల్లి, పిడుగురాళ్ల వరకు సిమెంటు లారీలు, సున్నపు బట్టీలు. గాలిలో తెల్లని పొడి. రెండోసారి వెళ్లినప్పుడు ఒంగోలులో ఎయిర్ ఫిల్టర్ విప్పితే పిండి జల్లించినట్టు రాలింది. ఊపిరాడని ఇంజను ఎక్కువ పెట్రోలు తాగి బలం తగ్గుతుంది. ఈ ముక్క దాటాక ఫిల్టర్ తీసి దులపడం అలవాటు చేసుకోండి. మధ్యాహ్నానికి అద్దంకి, ఆపై మేదరమెట్ల దగ్గర 16వ నంబరు జాతీయ రహదారిలో కలుస్తాం. నాన్నగారి రోజుల్లో దాని నంబరు 5. రాత్రి ఒంగోలులో మకాం. కారును నీడలో పెట్టి, చల్లారాక ఆయిలు చూసి, మైసూర్‌పాక్ కొనుక్కుని పడుకోండి.

మనుషుల వేడి గురించి ఇక్కడ చెప్పాలి. ఈ కారులో ఏసీ లేదు. ముందు తలుపుల త్రికోణపు చిన్న అద్దాలను పూర్తిగా లోపలికి తిప్పితే గాలి నేరుగా ఒంటికి తగులుతుంది. అంత చక్కని ఏర్పాటు ఇప్పటి కార్లలో లేదు. రెక్సిన్ సీటు మీద నూలు దుప్పటి పరచండి. ఇంజను వేడి పాదాల దగ్గరికి వస్తుంది కనుక చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి. దాహం వేసేదాకా ఆగకుండా గంటకోసారి మజ్జిగ తాగండి. తల దిమ్మెక్కిన డ్రైవరు మీటరు ముల్లును చూడడు.

శుక్రవారం మళ్లీ ఆరింటికే. నెల్లూరు దాకా రోడ్డు బల్లపరుపు, సముద్రపు గాలి. నెల్లూరులో చేపల పులుసు తినాలని మనసు లాగుతుంది. కానీ అప్పటికి ఉదయం తొమ్మిదే, పైగా చల్లని గంటలను వృథా చేయకూడదు. తిరుగు ప్రయాణానికి దాచుకోండి. నాయుడుపేట, సూళ్లూరుపేట. చలికాలంలో ఈ పక్కన నేలపట్టుకు, పులికాట్ సరస్సుకు వలస పక్షులు వస్తాయి. తడ దగ్గర నీళ్లలో రాజహంసల వరుస లేత గులాబీ గీతలా కనిపించింది. ఇంజనుకు విశ్రాంతి ఎలాగూ కావాలి, అక్కడే ఇచ్చాం.

షోలవరం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. రన్‌వే లోపలికి వెళ్లే ప్రయత్నం మేము చేయలేదు. చెన్నైకి తాగునీరిచ్చే చెరువు కట్ట వైపు తిరిగే చోట, చింతచెట్టు నీడలో కారు ఆపాం. బానెట్ ఎత్తాను, తువ్వాలు తడిపి కప్పాను. యాభై ఏళ్ల కిందట ఇదే కారు ఈ ఊళ్లోనే ఎక్కడో ఎండలో నిలబడి ఉంటుంది, దాని పక్కన ముప్పై ఐదేళ్ల మా నాన్నగారు తెల్లచొక్కా మోచేతుల దాకా మడిచి నిలబడి ఉంటారు. మేనకోడలు ఏమీ అడగలేదు, నాకో గ్లాసు మజ్జిగ పోసి ఇచ్చింది.

అక్కడి నుంచి నగరంలోకి వెళ్లవద్దు. కొద్ది దూరంలోనే చెన్నై ఔటర్ రింగ్ రోడ్డు వస్తుంది. దాని మీదుగా నజరత్‌పేట దాకా వెళ్లి, బెంగళూరు రహదారి ఎక్కి పడమరకు తిరిగితే శ్రీపెరుంబుదూరుకు ముందే ఇరుంగాట్టుకోట్టై. సాయంత్రం కార్ఖానాల బస్సులు రోడ్డెక్కక ముందే చేరేలా చూసుకోండి.

ట్రాక్ దగ్గర

ట్రాక్ పొడవు 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. శనివారం ఉదయమే వెళ్లండి. రేసుల కన్నా ముందు జరిగే అభ్యాస పరుగుల్లోనే కార్లను తీరిగ్గా చూడగలం, గ్యారేజీల వైపు అనుమతి ఉంటే మెకానిక్కుల పని కూడా. చెవుల్లో పెట్టుకోవడానికి దూది కాదు, సరైన ప్లగ్గులు కొనండి. 1300 సీసీ ఇంజనుతో పరుగెత్తే ఒంటి సీటు ఫార్ములా ఎల్‌జీబీ కార్లు పది పదిహేను ఒకేసారి మొదటి మలుపులోకి దిగినప్పుడు మేనకోడలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇదే కదా తాతయ్య చెప్పిన చప్పుడు" అని అరిచింది. ఈ ఒంటి సీటు కార్లకు మన దేశంలో దారి వేసిన వారిలో కోయంబత్తూరు కరివర్ధన్ ముఖ్యులు. ఎనభైల చివర మారుతి 800 ఇంజనుతో చవకలో రేసు కారు తయారుచేసి, డబ్బున్న కొద్దిమందికే పరిమితమైన ఆటను కుర్రవాళ్లకు అందించారు. 2005లో ఫార్ములా వన్‌లో పోటీపడిన మొదటి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్‌ది కూడా ఆ కోయంబత్తూరు నేలే.

పాత కారులో వచ్చినవారు నిర్వాహకులకు ముందుగా ఉత్తరం రాసి అడగడం మంచిది. మూడోసారి మేము ఐదారు పాత కార్ల వాళ్లం కలిసి అడిగితే, ఆదివారం మధ్యాహ్న విరామంలో దారి చూపే కారు వెనుక రెండు చుట్లు తిరగనిచ్చారు. దాటడాలు లేవు, పోటీ లేదు. అయినా జాగ్రత్త కావాలి. నడినెత్తిన ఎండ, నెమ్మది వేగం, రేడియేటర్‌కు గాలి తక్కువ. వరుసలో నిలబడ్డప్పుడు ఇంజను ఆపేయండి, ముందు కారు కదిలాకే స్టార్ట్ చేయండి. మలుపుల్లో రేసు కార్లు నడిచే సన్నటి దారిలోనే ఉండండి. అంచుల్లో రేసు టైర్ల నుంచి ఊడిన రబ్బరు ముక్కలు గులకరాళ్లలా పరచుకుని ఉంటాయి. రెండో చుట్టులో నేరుగా ఉన్న దారి మీద మూడో గేరులోంచి నాలుగో గేరుకు మార్చినప్పుడు ముల్లు 92 దగ్గర ఉంది. నా కళ్లు రోడ్డుకూ ముల్లుకూ మధ్య తిరుగుతూనే ఉన్నాయి. గ్యాలరీలో ఎవరో చేతులు ఊపారని మేనకోడలు చెబితేనే తెలిసింది.

ఆదివారం పొద్దున వీలుంటే శ్రీపెరుంబుదూరు ఆదికేశవ పెరుమాళ్ గుడికి వెళ్లండి. రామానుజాచార్యుల జన్మస్థలం అది. మన ముచ్చింతల్‌లో 216 అడుగుల విగ్రహం చూసినవారికి, ఆ చిన్న వీధిలో నడవడం ఇంకోలా ఉంటుంది.

తిరుగు ప్రయాణం ముందు

సోమవారం ఉదయం కారు చల్లగా ఉండగానే పని మొదలుపెట్టండి. ఆయిలు, నీళ్లు, బ్రేకు ద్రవం మట్టం. డ్రమ్ముల లోపలి వైపు టైరు మీద తడి మరక ఉందేమో వేలితో తడిమి చూడాలి. ఫ్యాన్ బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి. చక్రాల నట్లు మళ్లీ బిగించండి. ట్రాక్ మీద తిరిగి ఉంటే ఇంకొక పని ఉంది. టైర్ల పూలలో ఇరుక్కున్న రబ్బరు ముక్కలను ఒక్కొక్కటే తీసేయాలి. లేకపోతే 60 దాటగానే స్టీరింగ్ వణుకుతుంది, అది చక్రం లోపమనుకుని మీరు దారిలో సగం రోజు పోగొట్టుకుంటారు.

బస చేసిన చోట వాకిట్లో పీట వేసుకుని, నేనూ మేనకోడలూ చెరో వైపు కూర్చుని స్క్రూడ్రైవర్లతో ముప్పావు గంట తీశాం. గుప్పెడు వచ్చాయి, నల్లగా, జిగటగా, ఇంకా కాలిన వాసనతో. తను వాటిలో పెద్దది ఒకటి ఏరి, డాష్‌బోర్డు మీద నాన్నగారు సిగరెట్ బూడిద రాల్చే చిన్న అరలో పెట్టి మూసింది. ఏడింటికి బయలుదేరాం. నెల్లూరు చేరేసరికి భోజనం వేళ అయింది, ముల్లు 85 మీద ఉంది.